"హార్డ్ డిస్క్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అంటే తల ఊపొద్దు. రుజువు అడగండి!

 

పోస్టు పెద్దదే. ఇప్పుడు తీరిక లేకపోతే సేవ్ చేసుకుని రాత్రికి చదవండి. పైపైన చూసి మాత్రం వదిలేయొద్దు. మీ హాస్టల్ కంప్యూటర్, మీ ఊరి పోడు కాగితాలు, మీ అవ్వ పాడుతుంటే రికార్డు చేసిన పాట, ఈ మూడింటి సంగతీ ఇందులో ఉంది.

ఏజెన్సీలో కంప్యూటర్ ఆన్ కాకపోయినా, విండోస్ రాకపోయినా మనకు వినబడేది ఒకటే మాట. "హార్డ్ డిస్క్ పోయింది. ఫార్మాట్ కొట్టాలి." టౌన్లో షాపతను అదే అంటాడు. ల్యాబ్ చూసే కాంట్రాక్టు మనిషి అదే అంటాడు. కంప్యూటర్ కోర్సు చేసొచ్చిన మనవాళ్లు కూడా అదే అంటున్నారు. మనం తల ఊపుతాం. ఐదొందలో, వెయ్యో చేతిలో పెడతాం. కంప్యూటర్ తిరిగి వస్తుంది. అందులో ఉన్నది రాదు.

నేను గట్టిగా చెప్పేది ఇది: ఆ మాట చాలాసార్లు చూడకుండా చెప్పిన మాట. డిస్క్ నిజంగా పోయిందా లేదా తేల్చడానికి మొదటి చూపుకి పావుగంట చాలు. ఆ పావుగంట ఎవరూ పెట్టడం లేదు. ఫార్మాట్ కొట్టడం వాళ్లకు సులువు, ఎందుకంటే పోయేది వాళ్లది కాదు.

"ఇది రిజర్వు ఫారెస్టు, లేవండి" అని ఎవరో వచ్చి అంటే ఒకప్పుడు మన తాతలు మూట కట్టుకుని లేచిపోయారు. ఇప్పుడు మనం ఏమంటున్నాం? "ఏ నోటిఫికేషన్? ఏ సర్వే నంబరు? కాగితం చూపించండి సార్" అంటున్నాం. 1/70 చదివాం, పెసా చదివాం, అటవీ హక్కుల చట్టం చదివాం. అధికారి నోటిమాటకే లొంగని వాళ్లం, మెకానిక్ నోటిమాటకు ఎందుకు లొంగుతున్నాం?

పోతున్నది ఏమిటో ముందు తెలుసుకోండి

కంప్యూటర్లో ఏముంది, సినిమాలేగా అనుకునే రోజులు పోయాయి. అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత హక్కుకు ఫారం ఎ, సాముదాయక హక్కుకు ఫారం బి, సాముదాయక అటవీ వనరుకు ఫారం సి పెడతాం. 2008 నిబంధనల్లో 13వ నిబంధన ప్రకారం పెద్దలు చెప్పింది రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే. అందుకే చాలా ఊళ్లలో యువకులు తిరిగి తాతల మాటలు రాసుకున్నారు, రికార్డు చేశారు, సరిహద్దుల ఫోటోలు తీశారు, గ్రామసభ తీర్మానాలు స్కాన్ చేశారు. అవన్నీ ఎక్కడున్నాయి? సంఘం ఆఫీసులో, లేకపోతే ఎవరింట్లోనో ఉన్న ఒక పాత డెస్క్‌టాప్‌లో. ఒక్క డిస్క్‌లో.

మన భాషల సంగతి కూడా అంతే. కోయ, గోండి, కొలామి, సవర, కువి, ఏ భాషలో అయినా పాత పాట, పాత కథ తెలిసినవాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్ల గొంతు ఫోన్లో రికార్డు చేసి, ఫోన్ నిండిపోతే కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోన్లో తీసేస్తాం. అంటే ఉన్నది ఒక్క కాపీ. ఆ అవ్వ లేకపోయాక ఆ డిస్క్ ఫార్మాట్ అయితే మళ్లీ ఎవరిని అడుగుతాం?

గుంజాల గోండి లిపి గురించి మనందరికీ తెలుసు. ఆదిలాబాద్ వైపు గుంజాల ఊళ్లో చేతిరాత ప్రతులు ఇళ్లల్లో దాచుకున్నారు కాబట్టి ఆ లిపి లోకానికి తెలిసింది, 2018లో యూనికోడ్‌లో కూడా చేరింది. దాచినవాళ్లకు కంప్యూటర్ తెలియదు. కానీ "పాతదైంది, తగలబెట్టేయండి" అని ఎవరైనా అంటే వినలేదు. మనం మాత్రం "ఫార్మాట్ కొట్టేయనా?" అంటే "కొట్టేయన్నా" అంటున్నాం.

గాదె వేరు, తాళం వేరు

ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం పని అయినట్టే. డిస్క్ అంటే గాదె. అందులో గింజలు ఉంటాయి. ఆ గాదెకి, మనకి మధ్య ఒక తలుపు, ఒక తాళం ఉంటాయి. కంప్యూటర్లో దాన్ని స్టోరేజ్ కంట్రోలర్ అంటారు. మదర్‌బోర్డు మీదే ఉంటుంది. డిస్క్‌తో ఏ పద్ధతిలో మాట్లాడాలో దానికి ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్నే శాటా మోడ్ అంటారు. పాత డెస్క్‌టాప్‌లలో ఐడీఈ, ఏహెచ్‌సీఐ, రెయిడ్ అని మూడు కనబడతాయి.

విండోస్ వేసిన రోజు ఏ మోడ్ ఉందో, రోజూ అదే మోడ్ ఉండాలి. మధ్యలో అది మారితే విండోస్ తన డిస్క్‌ని తానే చూడలేదు. నీలం స్క్రీన్ వస్తుంది, దాని మీద "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని ఉంటుంది. పాత విండోస్ 7 అయితే చివర 7బి అని వచ్చే కోడ్ కనబడుతుంది. కొన్నిసార్లు బూట్ వరస మారిపోయి నల్ల స్క్రీన్ మీద "బూట్ డివైస్ లేదు" అనే మాట వస్తుంది. ఇది చూడగానే "డిస్క్ పోయింది" అంటారు. గాదెలో గింజలు గింజల్లాగే ఉన్నాయి. మారింది తాళం.

మోడ్ తనంతట తాను ఎందుకు మారుతుంది? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్2032 అంటారు, 3 వోల్టులు. వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది. కరెంటు లేనప్పుడు తేదీని, పాత బోర్డుల్లో అయితే ఈ సెట్టింగ్‌లని కూడా గుర్తుపెట్టుకునేది అదే. అది అయిపోతే, కరెంటు పోయిన ప్రతిసారీ సెట్టింగ్‌లు కంపెనీ పెట్టిన మొదటి స్థితికి వెళ్లిపోతాయి. ఆ మొదటి స్థితిలో మోడ్ వేరేగా ఉంటే ఇక విండోస్ రాదు.

ఇప్పుడు మన ల్యాబ్‌లు గుర్తుతెచ్చుకోండి. కంప్యూటర్‌కి కరెంటు అందుతున్నంతసేపు ఆ బ్యాటరీ మీద భారం ఉండదు. కరెంటు పూర్తిగా లేనప్పుడే అది ఖర్చవుతుంది. సిటీలో ఆఫీసు కంప్యూటర్‌కి ప్లగ్ ఎప్పుడూ పెట్టే ఉంటుంది. మన ఆశ్రమ పాఠశాలలో సార్ ల్యాబ్ మెయిన్ ఆపి తాళం వేస్తారు. వేసవి సెలవులు దాదాపు రెండు నెలలు. వానాకాలంలో గాలివానకి లైను తెగితే రోజుల తరబడి కరెంటు ఉండదు. కాబట్టి మన దగ్గర ఆ బ్యాటరీ తొందరగా అయిపోతుంది. జూన్‌లో తాళం తీయగానే నాలుగు సిస్టమ్‌లు లేవవు. "హార్డ్ డిస్క్‌లు పోయాయి" అని రిజిస్టర్‌లో రాస్తారు. నాలుగు డిస్క్‌లు ఒకే సెలవుల్లో, కదలకుండా, వాడకుండా, మూకుమ్మడిగా చచ్చిపోయాయంటే నమ్ముతారా? నాలుగు బ్యాటరీలు అయిపోయాయంటే నమ్మొచ్చు.

ఒక సంఘం కంప్యూటర్‌కి జరిగింది

పేర్లు వద్దు. మన ఏజెన్సీలోనే ఒక యువజన సంఘం. మూడేళ్లు పండగలకు తిరిగి రికార్డు చేసిన పాటలు, పోడు క్లెయిముల స్కాన్‌లు ఒకే డెస్క్‌టాప్‌లో పెట్టుకున్నారు. వానల్లో వారం రోజులు కరెంటు లేదు. వచ్చాక ఆన్ చేస్తే నీలం స్క్రీన్. టౌన్‌కి మోసుకెళ్లారు. షాపతను మూత తీయకుండానే "డిస్క్ కరప్ట్ అయింది" అన్నాడు. "లోపల మా పాటలున్నాయి అన్నా" అంటే, "విండోసే రాకపోతే పాటలు ఎలా వస్తాయి?" అన్నాడు. సెట్టింగ్ మార్చి, ఫార్మాట్ కొట్టి, కొత్తగా విండోస్ వేసి ఇచ్చాడు. బాగానే నడిచింది.

రెండు నెలలకు మళ్లీ మూడు రోజులు కరెంటు పోయింది. మళ్లీ అదే నీలం స్క్రీన్. ఈసారి పాలిటెక్నిక్ చదివే ఒక చెల్లి ఉంది ఊళ్లో. తను మోయనివ్వలేదు. ఆన్ చేస్తూనే డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లింది. తేదీ చూస్తే ఎప్పటిదో పాత సంవత్సరం. డిస్క్ పేరు మాత్రం జాబితాలో చక్కగా కనబడుతోంది. అంటే డిస్క్ బతికే ఉంది. శాటా మోడ్ మార్చి చూసింది, విండోస్ వచ్చేసింది. ప్లగ్ పీకి, బ్యాటరీ మార్చి, తేదీ, మోడ్ సరిచేసింది. ఖర్చు ఒక బిళ్ల బ్యాటరీ. అది ఒక సినిమా టికెట్టు కంటే తక్కువ.

మరి మొదటిసారి కూడా ఇదే కదా? అవును, ఇదే. డిస్క్ పోయి ఉంటే ఫార్మాట్ తర్వాత రెండు నెలలు ఎలా నడుస్తుంది? కరెంటు పోయినప్పుడే రోగం ఎందుకు తిరగబెడుతుంది? రోగం బ్యాటరీది, శిక్ష పాటలకు. ఆ పాటల్లో కొన్ని పాడిన ముసలమ్మ అప్పటికే లేదు.

ఇది ఒక్క ఊరి కథ అనుకోవద్దు. మీ హాస్టల్లో, మీ సంఘంలో ఇలాంటిది జరిగి ఉంటే కింద కామెంట్లో రాయండి. షాపు పేరు, మనిషి పేరు వద్దు, ఏం జరిగిందో రాయండి చాలు.

వరసగా చూడాల్సినవి

బండి స్టార్ట్ కాకపోతే ఏం చేస్తాం? ముందు పెట్రోలు చూస్తాం, తర్వాత ప్లగ్గు చూస్తాం. మొదటి మాటే "ఇంజను మార్చాలి" అనే మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్తామా? కంప్యూటర్‌కి కూడా ఒక వరస ఉంది. చిన్నది, చవకది, డేటాకి హాని లేనిది ముందు. పెద్దది చివర.

ఒకటి. బయోస్‌లోకి వెళ్లండి. ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ పదేపదే నొక్కాలి, కొన్నింటికి ఎఫ్10. తేదీ సరిగ్గా ఉందా? డిస్క్ పేరు కనబడుతోందా? తేదీ తప్పు, డిస్క్ ఉంది అంటే ముందు బ్యాటరీని, మోడ్‌ని, బూట్ వరసని అనుమానించండి. ఏది మార్చినా ముందు ఆ పేజీ ఫోటో తీసుకోండి.

రెండు. డిస్క్ పేరే కనబడకపోతే, ప్లగ్ పీకేసి మూత తీయండి. డిస్క్‌కి రెండు తీగలు ఉంటాయి. సన్నగా ఉండే శాటా డేటా కేబుల్, వెడల్పుగా ఉండే పవర్ కేబుల్. రెండూ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. దుమ్ము, చెమ్మ, ఎలుకలు, ఈ మూడూ మన ల్యాబ్‌లలో మామూలే. పక్క సిస్టమ్ నుంచి కేబుల్ తెచ్చి మార్చి చూడండి. మదర్‌బోర్డు మీద వేరే శాటా పోర్టులో పెట్టి చూడండి. ఎస్ఎంపీఎస్ బలహీనమైతే కూడా డిస్క్ తిరిగి ఆగి, తిరిగి ఆగి, టక్ టక్ అంటుంది. ఇంకో సిస్టమ్ ఎస్ఎంపీఎస్‌తో కూడా అదే చప్పుడు వస్తే అప్పుడు డిస్క్‌ని అనుమానించాలి. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, కరెంటు తీసేశాక కూడా లోపల షాక్ కొట్టే భాగాలుంటాయి.

మూడు. విండోస్ వస్తుంది కానీ మధ్యమధ్యలో బిగుసుకుపోతుందా? క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉంది. డిస్క్ తన ఆరోగ్యం తానే రాసుకునే పుస్తకం ఉంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. ఈ ప్రోగ్రాం ఆ పుస్తకం తెరిచి చూపిస్తుంది. నాలుగు వరసలు గుర్తుంచుకోండి: 05, సీ5, సీ6, సీ7. మొదటి మూడింటి అసలు లెక్క సున్నా కాకుండా ఉండి, రోజురోజుకీ పెరుగుతుంటే డిస్క్ పళ్లెం మీద చెడ్డ చోట్లు పెరుగుతున్నాయని అర్థం. డిస్క్ నిజంగా జబ్బున పడింది. కానీ సీ7 ఒక్కటే పెరుగుతుంటే చాలావరకు తప్పు కేబుల్‌దే. డేటా దారిలో చెడిపోతోంది, గాదెలో కాదు. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగుతుంది. ఆగితే కేబులే దొంగ అని తేలిపోయినట్టు. కేబుల్ దోషానికి డిస్క్ మార్పించి డబ్బు తీసుకున్న బిల్లులు మన హాస్టళ్లలో ఎన్ని ఉన్నాయో ఒకసారి తీసి చూడండి.

నాలుగు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూడండి. డిస్క్ పేరుతో 7వ నంబరు ఉంటే చెడ్డ చోటు తగిలిందని. 11 ఉంటే కంట్రోలర్ దారిలో తప్పు. 129 ఉంటే డిస్క్ జవాబివ్వక కంట్రోలర్ దాన్ని రీసెట్ చేసిందని. 153 ఉంటే అడిగిందే మళ్లీ అడగాల్సి వచ్చిందని. 11, 129, 153 కనబడితే డిస్క్‌ని తిట్టే ముందు కేబుల్, పవర్, డ్రైవర్ చూడాలి.

ఐదు. కొత్త ల్యాప్‌టాప్‌ల సంగతి. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే కంట్రోలర్ సెట్టింగ్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, విండోస్ కొత్తగా వేసేటప్పుడు "డ్రైవ్ ఏదీ దొరకలేదు" అని వస్తుంది. ఇది చూసి "ఎస్ఎస్‌డీ పోయింది, కొత్తది వేయాలి" అంటారు. ఎస్ఎస్‌డీ పోలేదు. ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని "లోడ్ డ్రైవర్" నొక్కితే కనబడుతుంది. స్కాలర్‌షిప్ డబ్బుతో, అమ్మ ఇప్పపువ్వు అమ్మిన డబ్బుతో కొన్న ల్యాప్‌టాప్‌కి లేని రోగం అంటగట్టనివ్వకండి. ఒక జాగ్రత్త: అప్పటికే నడుస్తున్న విండోస్ ఉంటే వీఎండీని ఊరికే ఆపొద్దు, ఆపితే అది బూట్ కాదు.

ఇంకో జాగ్రత్త. కొత్త ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ తాళం ఉండొచ్చు. బయోస్‌లో మార్పు చేస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఈ రోజే చూసి, కాగితం మీద రాసి, ఇంట్లో పెట్టుకోండి. గ్రూపులో పెట్టకండి.

డిస్క్ నిజంగానే పోతుంటే

పోవని నేను అనడం లేదు. డిస్క్ యంత్రమే, ఒక రోజు పోతుంది. అప్పుడు కూడా మొదటి పని ఫార్మాట్ కాదు. మొదటి పని గింజలు బయటికి తీయడం.

05, సీ5, సీ6 పెరుగుతుంటే ఆ డిస్క్ మీద ఇక ఏమీ రాయొద్దు. ముఖ్యమైనవి ముందు కాపీ చేసుకోండి. "చెక్‌డిస్క్ కొట్టి చూద్దాం" అని అంటారు. కాపీ చేయకముందు వద్దు. అది డిస్క్ అంతా తిరిగి చదువుతుంది, ఫైళ్ల లెక్కలు మారుస్తుంది. కొన ఊపిరితో ఉన్నవాడిని పరుగెత్తించినట్టు. విండోస్ రాకపోతే లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే చాలాసార్లు ఫైళ్లు కనబడతాయి. చెడ్డ చోట్లు ఎక్కువుంటే డీడీరెస్క్యూ అని ఉచిత సాధనం ఉంది. ముందు బాగున్న భాగాలు లాగేసుకుని, చెడ్డ చోట్లకు చివర్లో వెళ్తుంది. దానికి అంతే సైజు లేదా ఇంకా పెద్ద ఖాళీ డిస్క్ ఒకటి కావాలి.

"ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటావా?" అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. "ఇనిషియలైజ్ డిస్క్" అని వస్తే అదీ క్యాన్సిలే. తిరిగే హార్డ్ డిస్క్‌లో పొరపాటున క్విక్ ఫార్మాట్ జరిగినా గింజలు వెంటనే పోవు, పైన చీటీ మాత్రమే పోతుంది. దాని మీద కొత్తది రాయకపోతే రికవరీ ప్రోగ్రాంతో చాలా తీయొచ్చు. ఫుల్ ఫార్మాట్ అయితే ఆశ లేదు. ఎస్ఎస్‌డీలో క్విక్ ఫార్మాట్ అయినా ఆశ తక్కువే, ట్రిమ్ అనే పద్ధతి వల్ల అది ఖాళీ చోటుని త్వరగా తుడిచేసుకుంటుంది. అందుకే ఎస్ఎస్‌డీ విషయంలో "ఫార్మాట్ కొట్టాక చూద్దాంలే" అనే మాట ప్రమాదం.

కేబుల్, పవర్ మార్చాక కూడా టక్ టక్ చప్పుడు ఆగకపోతే ఇక ఆపేయండి. ఆన్ చేసిన ప్రతిసారీ పళ్లెం గీరుకుపోవచ్చు. మూత విప్పడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి చిట్కాలు చేయకండి. అది రికవరీ ల్యాబ్ పని, వేలల్లో అవుతుంది. ఊరి రికార్డులున్న డిస్క్ అయితే చందా వేసుకునైనా పంపుదాం. అంతవరకు గుడ్డలో చుట్టి, పొడిచోట దాచండి. పారేయొద్దు.

"అది మన పని కాదు" అనేవాళ్లకు

"నేను బీఏ చదివా, ఇది బీటెక్ వాళ్లు చూడాలి" అంటున్నారు కొందరు. తమ్ముడూ, మోటారు కాలిపోతే నువ్వే చూస్తావ్, బండి చెయిన్ నువ్వే వేస్తావ్, డీజే బాక్సులకు వైర్లు నువ్వే కలుపుతావ్. నాలుగు స్క్రూలు, రెండు కేబుళ్లు, ఒక బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి డిగ్రీ గుర్తొచ్చిందా? ఆడపిల్లలకు రాదు అనేవాళ్లు పైన చెప్పిన చెల్లి సంగతి మళ్లీ చదవండి.

"అన్నీ ఫోన్లోనే ఉన్నాయి, గూగుల్‌లో పెడితే సరిపోతుంది" అంటున్నారు ఇంకొందరు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. వీడియోలు తీస్తే నాలుగు పండగలకు నిండుతుంది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లో రాత్రంతా ఎక్కించినా సగం ఎక్కదు. డిజిలాకర్‌లో మార్కుల మెమో దొరుకుతుంది, బాగుంది. తాత చెప్పిన సరిహద్దుల వాంగ్మూలం డిజిలాకర్‌లో దొరకదు కదా.

"ఇవి పాత డబ్బాలు, కొత్తవి ఇవ్వమని ఐటీడీఏని అడుగుదాం" అనేది మూడో మాట. అడుగుదాం, అది మన హక్కు. కానీ బ్యాటరీ మార్చడం తెలియని చేతుల్లో కొత్తవి కూడా రెండు వేసవుల తర్వాత మూలన పడతాయి. "పనికిరానివి" అని రాసిన వాటిలో బతికున్నవి ఎన్నో తేల్చకుండా కొత్తవాటి కోసం ఏళ్లు ఎదురుచూస్తే నష్టం ఇప్పుడు ఏడో తరగతి చదివే పిల్లలకు.

"షాపు వాళ్ల పొట్ట కొడుతున్నారు" అని కూడా అనొచ్చు. లేదు. స్మార్ట్ చూసి, కేబుల్ మార్చి చూసి, "ఇదిగో రుజువు" అని చూపించే మెకానిక్ ఉంటే ఆయనకు అడిగినంత ఇద్దాం, నలుగురికీ చెబుదాం. మన గొడవ చూడకుండా కొట్టేవాడితో.

ఇక చేయాల్సింది

ప్రతి హాస్టల్ నుంచి, ప్రతి సంఘం నుంచి ఇద్దరు ముందుకు రావాలి, ఒక తమ్ముడు, ఒక చెల్లి. వాళ్ల దగ్గర ఒక సంచి ఉండాలి. అందులో రెండు సీఆర్2032 బ్యాటరీలు, రెండు శాటా కేబుళ్లు, ఒక స్క్రూడ్రైవర్, డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే కన్వర్టర్, లైవ్ లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్. చందా వేసుకుంటే పెద్ద ఖర్చు కాదు. వీలైతే ఒక బయటి హార్డ్ డిస్క్ కూడా.

బాగున్న రోజే ప్రతి కంప్యూటర్ బయోస్ పేజీల ఫోటోలు తీయండి. శాటా మోడ్ ఏమిటో కాగితం మీద రాసి క్యాబినెట్‌కి అంటించండి. వేసవి సెలవుల తర్వాత తాళం తీసిన రోజు ముందు తేదీలు చూడండి. తేదీ తప్పిన ప్రతి దానికీ బ్యాటరీ మార్చండి.

ఊరి రికార్డులు, పాటలు, మూడు కాపీలు ఉండాలి. ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో. అదే ఇంట్లో రెండు కాపీలు పెడితే పిడుగుకి, వరదకి రెండూ పోతాయి. పోడు కాగితాల అసలు ప్రతులు ఎట్టి పరిస్థితుల్లో పారేయొద్దు, స్కాన్ ఉందిగా అని.

ఇక అధికారులను అడగాల్సింది. ఏ కంప్యూటర్‌నైనా "పనికిరానిది" అని రాసే ముందు దాని స్మార్ట్ రిపోర్టు జత చేయాలి. డిస్క్ ఫార్మాట్ చేసే ముందు, డేటా తీశారా లేదా రాసి, హాస్టల్ వాళ్ల సంతకం తీసుకోవాలి. మార్చిన పాత డిస్క్‌ని తిరిగి మనకే ఇవ్వాలి, అందులో ఉన్నది మన పిల్లలది, మన ఊరిది. ఈ మూడు డిమాండ్లతో ఒక వినతిపత్రం నమూనా రాసి గ్రూపులో పెడదాం. మార్పులు ఉంటే చెప్పండి, ఎవరి ఐటీడీఏ పరిధిలో వాళ్లు ఇద్దాం.

ఈసారి ఎవరైనా "హార్డ్ డిస్క్ పోయింది" అంటే మీరు అడగాల్సినవి నాలుగే. బయోస్‌లో కనబడుతోందా? తేదీ సరిగ్గా ఉందా? కేబుల్ మార్చి చూశావా? స్మార్ట్‌లో ఏముంది, చూపించు. నాలుగింటికీ జవాబు వచ్చేదాకా కంప్యూటర్ మీద చేయి వేయనివ్వొద్దు.

చదివినవాళ్లు మీ హాస్టల్ గ్రూపులో షేర్ చేయండి. సందేహం ఉంటే స్క్రీన్ ఫోటో తీసి కామెంట్లో పెట్టండి, తెలిసినవాళ్లు జవాబిస్తారు.

జై ఆదివాసీ. జోహార్.